ఎదురు తన్నే రంపం

నా షాపుకు చైన్ సా కొనడానికొచ్చేవాడు నోరు తెరవగానే అడిగేది ఒకటే. "పెద్దది ఏదున్నది అన్నా?" ఏ చెట్టో చెప్పడు. మాను కొయ్యాలో, కొమ్మలు కొట్టాలో చెప్పడు. నేల మీద నిలబడి కోస్తాడో, పైకెక్కి కోస్తాడో అసలే చెప్పడు. గోడకు వేలాడే మిషన్లలో అన్నిటికన్నా పొడుగు పట్టీ ఉన్నదాన్ని దించమంటాడు. పట్టీ అంటే మిషన్ ముందుకు పొడుచుకొచ్చే ఇనుప నాలుక, దాని అంచు చుట్టూనే చైను పరుగెత్తుతుంది. ఆ నాలుకను రెండు చేతులా పైకెత్తి, పొట్ట లోపలికి పీల్చి, వెంట వచ్చినవాణ్ణి ఫోటో తియ్యమంటాడు. ఈ ఊళ్లో ఇంతమంది వీరులున్నారని ఈ వ్యాపారంలోకి వచ్చాకే నాకు తెలిసింది.

చిక్కడపల్లిలో, లైబ్రరీ దాటాక వచ్చే ఒక సందులో నా షట్టర్. చైన్ సాలు అమ్ముతాను, బాగుచేస్తాను, చెట్ల పనులు ఒప్పుకుంటాను. వీటిలో ఏ ఒక్క పని చేసినా మనుషుల మీద గౌరవం సగం పోతుంది. మూడూ చేసేవాడికి ఏం మిగులుతుందో మీరే ఆలోచించుకోండి.

ఒకసారి తెల్ల కారులో ఒకాయన వచ్చాడు. ఊరవతల మామిడితోట కొన్నాడట. మామిడి కొమ్మలు కత్తిరించడానికి చేతిలో ఇమిడే చిన్న మిషన్ చూపిస్తే, మూతి తిప్పుకుని, "ఇదేంది అన్నా, ఆడోళ్ల మిషన్ లెక్క ఉన్నది" అన్నాడు. పోయి వేరే ఎక్కడో మొగవాళ్ల మిషన్ కొనుక్కున్నాడు. కొన్నాళ్లకు దాన్నే గోనెసంచిలో చుట్టుకుని నా దగ్గరికే తెచ్చాడు. పట్టీ వంకర పోయింది, చైను పండ్లు అరిగి చిగుళ్లు తేలాయి, ఇంజను బిగుసుకుపోయింది. ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోసి తిప్పాడు. "కంపెనీ మంచిది గాదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఈయనకు మద్దెల ఏ వైపు వాయించాలో కూడా తెలియదు.

ఈ పనిలో మిషన్‌ను చూసుకోవడమంటే పెద్ద విద్యేం కాదు. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా గుండ్రటి ఆకురాయి తీసుకుని పంటికి రెండు రుద్దులు రుద్దాలి. ఎయిర్ ఫిల్టర్ దులపాలి. పట్టీని అప్పుడప్పుడు తిరగేసి బిగించాలి, రెండంచులూ సమంగా అరుగుతాయి. కోసినప్పుడు చెక్క అటుకుల్లా రాలితే చైను పదునుగా ఉన్నట్టు, పిండిలా రాలితే మొద్దుబారినట్టు. ఇంతే. ఇంతమాత్రం కూడా ఎవరూ చెయ్యరు. పిండి రాలుతుంటే ఇంకా గట్టిగా అదుముతారు. పొగ వస్తుంటే ఇంకా రేజ్ చేస్తారు. చైనుకు పోసే నూనె బదులు ఆటోలోంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తారు. ఇంట్లో మిక్సీ బ్లేడు పోతే పెళ్లాన్ని నానా మాటలూ అనే మనుషులు వీళ్లు.

ఇక చెట్లు కొట్టించుకునేవాళ్ల సంగతి. నల్లకుంట, విద్యానగర్, దోమలగూడ, ఎక్కడికి పోయినా అపార్ట్‌మెంట్‌కొక ప్రెసిడెంటు ఉంటాడు. ఆకులు కార్ల మీద పడుతున్నాయి, మొత్తం గుండు కొట్టెయ్యండంటాడు. పర్మిషన్ ఉందా అంటే, నేను చూసుకుంటానంటాడు. వాడి చూసుకోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి కాగితం చేతికి వచ్చేదాకా కత్తి ముట్టను. ఎండాకాలం వచ్చాక అదే మనిషి ఫోన్ చేసి, కారు పెట్టుకోవడానికి నీడ లేదు, తొందరగా పెరిగే చెట్టేదైనా ఉంటే చెప్పమంటాడు.

వీళ్లందరినీ భరించవచ్చు. నేను భరించలేనివాడు నారాయణగూడలో ఉన్నాడు. ఫ్లైఓవర్ కింది నుంచి లోపలికి పోతే వాడి షెడ్డు. ఒకప్పుడు బైకుల సైలెన్సర్లకు బొక్కలు పొడిచి, వీధంతా అదిరిపోయేలా చప్పుడు చేయించి పెట్టేవాడు. ఆ పని మీద పోలీసుల కన్ను పడేసరికి చైన్ సాల మీదికి దిగాడు. సైలెన్సర్ లోపలి జల్లెడ పీకేస్తాడు, మిషన్ సింహంలా గర్జిస్తుంది. ప్రతి పంటి ముందూ ఒక చిన్న బుడిపె ఉంటుంది, పన్ను చెక్కలోకి ఎంత లోతుకు దిగాలో చెప్పేది అదే. దాన్ని రుద్ది పారేస్తాడు, చైను చెక్కను కొయ్యడం మానేసి కరవడం మొదలుపెడుతుంది. అన్నిటికన్నా ఘోరం, ముందు పిడి పైన నిలబడి ఉండే ప్లాస్టిక్ కాపును ఊడదీస్తాడు. బరువు తగ్గుతుందట. చేసినదంతా వీడియో తీసి పాట పెట్టి వదులుతాడు. కింద వందమంది నిప్పు బొమ్మలు పెడతారు. పిచ్చోడి చేతిలో రాయి ప్రమాదమంటారు. ఆ రాయిని నున్నగా చెక్కి ఇచ్చేవాణ్ణి ఏమనాలో ఎవరూ చెప్పలేదు.

ఆ కాపు ఎందుకుందో చెప్తాను. చైన్ సా పట్టీ కొన పైభాగం దేనికైనా తగిలిందంటే మిషన్ ఎదురు తంతుంది. అంటే కొయ్యడం మానేసి, పట్టీ అంతా పైకి లేచి, కోసేవాడి మెడ మీదికి వస్తుంది. మనిషి రెప్ప కొట్టేంత టైం కూడా ఉండదు. ఆ విసురులో కాపు చెయ్యి వెనక భాగానికి కొట్టుకుని ముందుకు పడుతుంది. పడితే లోపల బ్రేకు బిగుసుకుని, చైను ఉన్నపాటున ఆగిపోతుంది. చైనుకూ మెడకూ మధ్య ఉండేది ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే. నారాయణగూడ మహానుభావుడు పీకేసి పక్కన పడేసేది దాన్నే.

నా దగ్గర చెట్లెక్కేది మా బావ, మా అక్క భర్త. పాలమూరు దిక్కు ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. అక్కడ గిరాకీ పోయి ఇక్కడికి వచ్చాడు. సిటీకి వచ్చినా నడుముకు ఆ గీతపని తాడు, మోకే. నేను బెల్టు, జీను అన్నీ కొనిచ్చాను, మూలకు పడేశాడు. మోకు చెట్టు చుట్టూ విసిరి నడుం ఆనించి ఎక్కడం మొదలుపెడితే, మెట్లెక్కడానికి ఆయాసపడే మనలాంటివాళ్లకు సిగ్గేస్తుంది. పని ఎంత వస్తుందో షోకు కూడా అంతే ఉంది. నాకు చెప్పకుండా నారాయణగూడ పోయి తను వాడే చిన్న మిషన్‌కు సైలెన్సర్ విప్పించుకుని వచ్చాడు. "సౌండుంటెనే పనోళ్లొచ్చిన్రని తెలుస్తది బామ్మర్దీ" అన్నాడు. కాపు కూడా తీయిద్దామనుకున్నాడు. అది ఊడిన రోజు నిన్ను చెట్టెక్కనియ్యనని గొడవ పెట్టుకుంటే, మూతి ముడుచుకుని ఉండనిచ్చాడు.

ఒకే ఇంట్లో నేను పై గదిలో, వాళ్లు కింద ఉంటారు. నా తిండి అక్క దగ్గరే. ఈ పని మొదలుపెట్టిన రోజే అక్క నాతో ఒక మాట అంది. "ఎక్కిచ్చేది నువ్వే, దించేది నువ్వే. నాకు ఆయన ఎట్ల పోయిన్రో అట్లనే రావాలె." అందుకే మిషన్‌ను తాడుకు కట్టి పైకి పంపేముందు ప్రతిసారీ నేను కాపును ముందుకు నెట్టి చూస్తాను. టక్కుమంటేనే పంపుతాను. ఎంత తొందరగా ఉన్నా, పైనుంచి బావ ఎంత తిట్టినా, అది మానను.

అన్నం దగ్గర మా మాటలన్నీ ఇవే. ఆ సారు మొద్దు, ఈ సారు ఎడ్డి, నారాయణగూడవాడు హంతకుడు. నేను తిడుతుంటే బావ నవ్వుతాడు, అక్క వడ్డిస్తుంది. "నోరు మంచిగుంటె ఊరు మంచిగుంటదిరా" అని అప్పుడప్పుడు అంటుంది. ఊరు మంచిదైతే నా నోరూ మంచిదే అవుతుందని నేనంటాను.

పోయిన దసరాకు మా షాపులోనూ ఆయుధపూజ చేశారు. మోకు, కత్తులు, ఆకురాళ్లు, మిషన్లు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి, జమ్మి ఆకు ఉంచారు. నేను పూజ దగ్గర నిలబడను. కొబ్బరి ముక్క చేతిలో పెడితే తింటాను. ఫిల్టర్లలోకి పూరేకులు పోతాయని సాయంత్రం దండలన్నీ నేనే తీసేశాను. అక్క ఒక చూపు చూసింది, నేను పట్టించుకోలేదు.

పండగ తర్వాత మొదటి పని అశోక్‌నగర్‌లో, ఒక హాస్టల్లో. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఒక్కో గదిలో ఆరుగురు చొప్పున ఉంటారు. వానలకు నిద్రగన్నేరు కొమ్మ ఒకటి చీలి వాళ్ల నీళ్ల ట్యాంకు మీదికి వాలింది. హాస్టల్ ఓనరు కాగితం చేతిలో పెట్టి, చెట్టు మొత్తం తీసెయ్యొచ్చు కదా అన్నాడు. కాగితంలో కొమ్మ అనే ఉందన్నాను. మీలాంటోళ్లు అడ్జస్ట్ చెయ్యరా అన్నాడు. నాలాంటివాళ్లు చెయ్యరన్నాను. బాల్కనీలోంచి ఒకడు పుస్తకం ఊపుతూ, "అన్నా, ఎల్లుండి ఎగ్జామున్నది, జర సౌండ్ తక్కువ చెయ్యిర్రి" అని అరిచాడు. వాడి గడ్డం చూస్తే ఆ ఎల్లుండి చాలా ఏళ్లుగా నడుస్తున్నట్టుంది.

బావ అప్పటికే పంగలో కూర్చుని, మోకు సర్దుకుని, మిషన్ పంపమని కేకేస్తున్నాడు. నేను దాన్ని తాడుకు కట్టి, ఎప్పట్లాగే కాపును నెట్టాను. కదల్లేదు. ఇంకోసారి నెట్టాను. కదల్లేదు. వంగి చూశాను. కాపునూ దాని వెనకున్న పిడినీ కలిపి ఎర్రదారం, పసుపుదారం బిగించి చుట్టి ఉంది, చాలా చుట్లు. ముడి మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. పొద్దున్న మేము టీ తాగుతుండగా అక్క కట్టి ఉంటుంది. ఎల్లమ్మ గుడిలో భర్త పేరు మీద పూజ చేయించి తెచ్చే దారం అది. మోకుకు కడుతుంది, బండికి కడుతుంది, ఈసారి మిషన్‌కు కట్టింది. కట్టడానికి వీలుగా ఒకదాని పక్కన ఒకటి ఉన్న చోటు చూసుకుంది. అది బ్రేకు.

ఆ కాపు కోసం నారాయణగూడవాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో. వాడు పీకేస్తే కనీసం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ కాపు ఉండవలసిన చోటే ఉంది, బొట్టు కూడా పెట్టుకుని ఉంది, ప్రాణం మాత్రం లేదు.

పైనున్న బావకు చెప్పి లాభం లేదు. ఆ దారం దానంతటది తెగి పడిపోవాలే కాని మనిషి తెంపకూడదు, వాళ్ల పద్ధతి అది. ఒకసారి ఎవరో మోకుకు కట్టిన నిమ్మకాయ తీసేస్తే, బావ ఆ రోజంతా నేల మీదే కూర్చున్నాడు. నేను చెట్టుకు వీపు తిప్పి, జేబులోంచి చాకు తీసి దారం కోసేశాను. ముక్కలన్నీ జేబులో వేసుకున్నాను. కాపు నెడితే టక్కుమంది. వెనక్కి లాగి, తాడు ఊపాను. మిషన్ పైకి వెళ్లింది.

మొదటి రెండు కొమ్మలు బాగానే దిగాయి. మూడోది ట్యాంకు మీద ఆనిన అసలు కొమ్మ. బావ దానికి అవతలి వైపు పట్టీ దూర్చాడు. ఆకుల వెనక ఒక ఎండిన కొమ్మ అడ్డంగా ఉంది. పైనున్న ఆయనకు కనిపించదు, కిందున్న నాకు కనిపిస్తోంది. పట్టీ కొన దాని వైపే పోతోంది. "బావా, కొన! కొన చూడు!" అని గొంతు చించుకున్నాను. ఆ విప్పిన సైలెన్సర్ మోతలో నా అరుపు నాకే వినపడలేదు. బాల్కనీలో పిల్లలు చెవులు మూసుకుని నిలబడి ఉన్నారు.

మిషన్ తన్నింది. పట్టీ పైకి లేచి, ఆయన మెడ దగ్గరికి పోవడం చూశాను. తర్వాత మోత ఉంది కాని చైను తిరగడం లేదు.

బావ దిగి వచ్చాడు. ఆయన చెవి కింది నుంచి దవడ దాకా నల్లటి నూనె గీత. ఆగిపోయిన పండ్లు ఆనిన చోట రెండు మూడు రక్తపు చుక్కలు. అంతే. చైను తిరుగుతూ ఉంటే ఆ గీత ఉన్న చోట ఏముండేదో చెప్పడం నావల్ల కాదు. ఆయన మిషన్‌ను కళ్లకద్దుకోబోయి ఆగాడు. పిడి చుట్టూ తడిమాడు. "పొద్దున మీ అక్క కట్టిన దారం పోయింది బామ్మర్దీ" అన్నాడు. "నా గండం అది తీస్కపోయింది." చేతులెత్తి మొక్కాడు. ఇలాంటి మాటకు నా దగ్గర పది వెక్కిరింతలు సిద్ధంగా ఉంటాయి. ఆ పూట జేబులోని దారం ముక్కలను ఇంకా లోపలికి తోశాను.

ఇంటికి పోయేసరికి అక్కకు ఫోన్లో అంతా తెలిసిపోయింది. గడపలోనే బావ మొహం పట్టుకుని, కొంగుతో ఆ నూనె గీత తుడుస్తూ ఏడ్చింది. తుడిచినకొద్దీ అది మెడంతా అలుముకుంది. "ఎల్లమ్మ తల్లి కాపాడింది. రేపే పోయి లావు దారం కట్టిచ్చుకొస్త. షాపుల ఉన్న మిషన్లన్నిటికి కడత. ఎవరి మొగడైతేంది, కొనుక్కపోయేటోళ్లకు గూడ కట్టియ్యి" అంది.

ఊరుకుందామనే అనుకున్నాను. ఆ సంతోషంలో వేలు పెట్టడం నాకేం ఇష్టమనుకున్నారా? కాని రేపు ప్రతి మిషన్‌కూ కడుతుంది. జేబులోంచి దారం ముక్కలు తీసి ఆమె ముందు పెట్టాను. "పడిపోలేదక్కా. నేనే కోసిన. ఇది బ్రేకుకు కట్టినవ్. ఇది ఉంటే చైను ఆగకపోతుండె" అన్నాను.

బావ విసురుగా తిరిగాడు. "అమ్మవారి దారం కోస్తవా?" అని మీదికొచ్చాడు. అక్క ఆయన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "మిషన్ తీస్కరా" అంది నాతో. తెచ్చాను. ముక్కలను కలిపి ముడేసి, పొద్దున్న ఎలా కట్టిందో అలాగే తన చేత్తో చుట్టింది. కాపును నెట్టింది. కదల్లేదు. దారం విప్పేసి మళ్లీ నెట్టింది. టక్కుమంది. ఆ చప్పుడుకు ఆమె భుజాలు అదిరాయి. బావ చెవి కింద చెయ్యి పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయాడు.

అక్క నా వైపు తిరిగింది. నేను తిట్లకు సిద్ధంగానే ఉన్నాను. దారం కోసినందుకు తిడుతుందనుకున్నాను.

"నాకెవ్వరు జెప్పిన్రురా?" అంది. "పొద్దున లేస్తె మీ ఇద్దరికి గీ మిషన్ ముచ్చట్లే. ఆ సారు మొద్దోడు, ఈ సారు ఎడ్డోడు, నారాయణగూడోనికి తెల్వది. అన్నం పెట్టుకుంట అన్ని ఇన్న. అక్కా, ఇది బ్రేకు, దీని జోలికి రాకు అని ఒక్కనాడన్న జెప్పినవా? లోకమంత తెల్వనోళ్లే నీకు. చెప్పకపోతె ఎట్ల తెలుస్తది? నా చేతులతోని నేనే ఆయన మెడ కోయిచ్చుకునేదాన్ని గదరా."

విప్పిన దారాన్ని ఉండచుట్టి ఆమె పక్కన పెట్టాను.

ఆమె మిషన్‌ను ఒళ్లోకి లాక్కుంది. చీరకంతా నూనె అంటుకుంది. "ఇంకేమేం జెప్పలేదురా నాకు?" అని అడిగింది.

నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. ముందు చైను చూపించాను.